టెక్ సందేహాలు: యాప్‌లో సున్నా, పైపులో ఎంత?

ప్రశ్న: నాది పదిహేడేళ్ల పాత పెట్రోల్ కారు. పొద్దున రెండు మూడుసార్లు సెల్ఫ్ కొడితే గానీ స్టార్ట్ కావడం లేదు. మామూలు రోడ్డు మీద బాగానే వెళ్తుంది, ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు మాత్రం లాగదు, జర్కులు ఇస్తుంది. కారు కంప్యూటర్‌లోని సమాచారాన్ని ఫోన్‌లో చూపే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ కొని ఫోన్‌కి కలిపితే పీ0171 అనే కోడ్ వచ్చింది. యాప్‌లో ఫ్యూయల్ ప్రెషర్ మీటర్ పెట్టి చూస్తే ముల్లు సున్నా దగ్గరే ఉంది. మెకానిక్ పంపు మార్చాలంటున్నాడు. మార్పించమంటారా?

జవాబు: ముందు ఆ సున్నా సంగతి. ప్రెషర్ నిజంగా సున్నా అయితే మీ కారు రోడ్డెక్కేదే కాదు. ఓబీడీ ప్రమాణంలో ఫ్యూయల్ ప్రెషర్‌కు ఒక గడి ఉంది, దాన్ని నింపాలా వద్దా అన్నది కారు ఇష్టం. ఆ కాలపు పెట్రోల్ కార్లలో చాలావాటికి ప్రెషర్ కొలిచే సెన్సరే లేదు. రెగ్యులేటర్ అనే చిన్న యాంత్రిక భాగం ప్రెషర్‌ను చూసుకుంటుందని కంప్యూటర్ నమ్మి ఊరుకుంటుంది. సెన్సర్ లేని చోట కొన్ని యాప్‌లు గీత చూపిస్తాయి, కొన్ని సున్నా చూపిస్తాయి. గీత చూపించేవే కాస్త నిజాయితీ గలవి.

అలాగని డాంగిల్ దండగ కాదు. ప్రెషర్‌ను నేరుగా చూపలేకపోయినా, అది తగ్గితే ఇంజిన్ ఎలా సర్దుకుంటోందో చూపిస్తుంది. యాప్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది, అది చూడండి. పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను చూసే ఆక్సిజన్ సెన్సర్ మాట విని, కంప్యూటర్ తన లెక్క కంటే ఎంత శాతం ఎక్కువ పెట్రోల్ కొట్టాల్సి వస్తోందో అదే ఈ అంకె. సున్నాకు అటూ ఇటూ ఐదు లోపు ఉంటే మామూలే. పది దాటి ప్లస్‌లో ఉంటే ఎక్కడో పెట్రోల్ చాలడం లేదు, లేదా లెక్కలోకి రాని గాలి లోపలికి వస్తోంది. మీకు వచ్చిన పీ0171 కోడ్‌కు అర్థం కూడా అంతే: మిశ్రమం పలచబడింది, అంటే గాలికి తగినంత పెట్రోల్ లేదు. పంపు పోయిందని ఆ కోడ్ ఎక్కడా చెప్పలేదు.

ఇక్కడ చిన్న లెక్క ఒకటుంది, నాకు చాలా ఇష్టం. ఇంజిన్‌కు పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ నుంచి వచ్చే పెట్రోల్ ప్రెషర్‌తో సమానంగా తగ్గదు, దాని వర్గమూలాన్ని బట్టి తగ్గుతుంది. 3 బార్ (బార్ అంటే ప్రెషర్ కొలిచే యూనిట్) ఉండాల్సింది 2 బార్‌కు పడిపోతే పెట్రోల్ సుమారు 18 శాతమే తగ్గుతుంది. ఆ లోటు పూడ్చడానికి ఇంజెక్టర్ 22 శాతం ఎక్కువసేపు తెరుచుకోవాలి. కంప్యూటర్ ఆ పని చేసేస్తుంది. అందుకే మూడో వంతు ప్రెషర్ పోయినా ఖాళీ రోడ్డు మీద మీకేమీ తెలియదు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు మాత్రం బండారం బయటపడుతుంది.

ఇప్పుడు గాలి లీకా, పెట్రోల్ కొరతా అన్నది తేల్చాలి. ఇంజిన్ వేడెక్కాక ఐడ్లింగ్‌లో షార్ట్ టర్మ్ (అప్పటికప్పుడు మారేది), లాంగ్ టర్మ్ ట్రిమ్‌లు రెండూ చూసి కలపండి. తర్వాత ఇంజిన్‌ను 2,500 ఆర్‌పీఎం దగ్గర కాసేపు నిలిపి మళ్లీ కలపండి. ఐడ్లింగ్‌లో ఎక్కువగా ఉన్న మొత్తం వేగంలో తగ్గితే ఎక్కడో పగిలిన వ్యాక్యూమ్ పైపు ఉండొచ్చు. వేగం, ఇంజిన్ మీద భారం పెరిగేకొద్దీ మొత్తమూ పెరిగితే పెట్రోల్ సరఫరా మీద అనుమానం పడాలి. ఒక తిరకాసు ఉంది: ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని కొలిచే మాస్ ఎయిర్ ఫ్లో సెన్సర్ మురికి పడితే, అది కూడా సరిగ్గా ఇలాగే నటిస్తుంది. మీ కారుకు ఆ సెన్సర్ ఉంటే, దానికోసమే అమ్మే స్ప్రేతో ముందు శుభ్రం చేయించండి.

ఇంకో పరీక్షకు ఖర్చేమీ లేదు. రేపు పొద్దున తాళం ఆన్ వరకే తిప్పండి, సెల్ఫ్ కొట్టొద్దు. వెనక సీటు కింద నుంచో, ట్యాంకు వైపు నుంచో రెండు మూడు సెకన్లు సన్నగా ఝుమ్మనే చప్పుడు వస్తుంది. అది పంపు. తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేయండి. ఇలా మూడుసార్లు చేసి అప్పుడు సెల్ఫ్ కొట్టండి. వెంటనే అందుకుంటే, రాత్రంతా ఊరికే ఉన్నప్పుడు పైపులోని ప్రెషర్ జారిపోతోందని అర్థం. పెట్రోల్‌ను వెనక్కి జారనివ్వని, పంపులోని చెక్ వాల్వ్, కారుతున్న ఇంజెక్టర్, రెగ్యులేటర్ - ఈ మూడింటిలో ఒకటి దోషి. అసలు చప్పుడే రాకపోతే రిలే, ఫ్యూజ్ చూడాలి.

ఇంత చేశాక కూడా అసలు మాట చెప్పేది గేజే. ముల్లు ఉన్న పాతకాలపు ప్రెషర్ గేజ్, దానికో రబ్బరు గొట్టం. ఇంజెక్టర్లకు పెట్రోల్ పంచే ఫ్యూయల్ రెయిల్ మీద, సైకిల్ ట్యూబు వాల్వ్ లాంటిది చాలా కార్లలో ఉంటుంది, గేజ్ దానికే బిగించాలి. అది లేకపోతే పైపు మధ్యలో టీ జాయింట్ వేయాలి. ఈ పని మీరే చేయాలనుకుంటే ముందు పంపు ఫ్యూజ్ తీసేసి, ఇంజిన్ తనంతట తాను ఆగిపోయేదాకా నడపండి, లైన్‌లో ఉన్న ప్రెషర్ దిగిపోతుంది. ఇంజిన్ చల్లారాక, జాయింట్ చుట్టూ గుడ్డ చుట్టి, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని విప్పండి. గేజ్ బిగించాక ఫ్యూజ్ తిరిగి పెట్టి, ఎక్కడా చెమ్మ లేదని చూశాకే స్టార్ట్ చేయాలి. చేయి తిరగని వాళ్లు మెకానిక్‌తోనే చేయించుకోవడం మంచిది. వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్మితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు.

అంకె ఎంత ఉండాలన్నది మీ కారు సర్వీస్ మాన్యువల్ చెప్పాలి. అంచనాకు చెబితే, ఈ తరహా ఇంజిన్లలో 2.5 నుంచి 4 బార్ వరకు, అంటే 36 నుంచి 58 పీఎస్ఐ మధ్య ఉంటుంది. రెయిల్ మీద వ్యాక్యూమ్ పైపు తగిలించిన రెగ్యులేటర్ ఉంటే, మిగిలిన పెట్రోల్ వెనక్కి వెళ్లే రిటర్న్ పైపు కూడా ఉంటుంది. అలాంటి కారులో ఐడ్లింగ్‌లో ఉన్నప్పుడు ఆ వ్యాక్యూమ్ పైపు పీకితే ముల్లు అర బార్ దాకా పైకి లేవాలి. కదలకపోతే రెగ్యులేటర్‌నో, దానికి అందే వ్యాక్యూమ్‌నో అనుమానించండి. పీకిన పైపులో పెట్రోల్ తడి కనిపిస్తే లోపలి పొర చిరిగినట్టే, ఇంకేమీ చూడక్కర్లేదు. రెగ్యులేటర్ ట్యాంకులోనే ఉండే కార్లలో ఈ తతంగం ఉండదు, ప్రెషర్ ఎప్పుడూ ఒకేలా నిలవాలి.

ముల్లు తక్కువ చూపిస్తే రిటర్న్ రబ్బరు పైపును ఒక్క క్షణం నొక్కి పట్టి చూస్తారు. ప్రెషర్ ఒక్కసారిగా ఎగిస్తే పంపులో సత్తా ఉంది, రెగ్యులేటరే ముందుగా వెనక్కి వదిలేస్తోంది. ఎగవకపోతే ఫిల్టర్, ట్యాంకులోని జాలి, పంపు, దాని కరెంటు - వీటిలో ఏదో ఒకటి. క్షణం అన్నానంటే క్షణమే, ఎక్కువసేపు పడితే ప్రెషర్ రెట్టింపు దాకా వెళ్లి బలహీనమైన జాయింట్ ఊడొచ్చు. నైలాన్ పైపులను అసలు నొక్కొద్దు, పగులుతాయి.

ఐడ్లింగ్‌లో ముల్లు బాగుంది కదా అని గేజ్ విప్పేయకండి. ఐడ్లింగ్‌లో ఇంజిన్ తాగేది చాలా కొంచెం, మూసుకుపోయిన ఫిల్టర్ కూడా ఆ కొంచెం ఇస్తుంది. మీ కారు మొరాయించేది ఎత్తు మీద కాబట్టి అక్కడే కొలవాలి. మెకానిక్‌లు గేజ్‌ను బానెట్ బయటికి తెచ్చి అద్దం మీద టేప్‌తో అంటించి, మరొకరితో నడిపిస్తూ చూస్తారు. గేజ్‌ను కారు లోపలికి మాత్రం తేకూడదు. తొక్కగానే ముల్లు కిందికి జారితే కేసు తేలినట్టే.

ఇక పంపు దగ్గరికి వద్దాం. నేనూ ఒకసారి మీలాగే విని, గేజ్ పెట్టకుండానే పంపు మార్పించాను. వారం తిరిగేసరికి అదే జర్కు. ఇంకో మెకానిక్ మల్టీమీటర్ తీసి పది నిమిషాల్లో పట్టేశాడు: పంపు ఎర్త్ వైరు బాడీకి కలిసే చోట తుప్పు. నా పాత పంపు నిక్షేపంగా ఉంది, అప్పటికి అది చెత్తబుట్టలో ఉంది. అందుకే పంపు విప్పే ముందు దాని కనెక్టర్ దగ్గర, పంపు తిరుగుతుండగా వోల్టేజ్ కొలిపించండి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టులు ఉంటే పంపు దగ్గర అర వోల్టుకు మించి తగ్గకూడదు. కనెక్టర్ ఊడదీసి కొలిస్తే లాభం లేదు. కరెంటు పారనప్పుడు తుప్పు పట్టిన వైరు కూడా పూర్తి వోల్టేజ్ చూపిస్తుంది. పంపు 6 ఆంపియర్లు లాగుతుంటే, తుప్పు జాయింట్‌లో 0.3 ఓమ్ నిరోధం చాలు, 1.8 వోల్టులు అక్కడే మాయమవుతాయి. పంపు మందకొడిగా తిరుగుతుంది, నేరం దాని మీదికి పోతుంది.

వోల్టేజ్ సరిగ్గా ఉండి, కొత్త ఫిల్టర్ వేశాక కూడా ముల్లు తక్కువే ఉంటే, ట్యాంకు తెరిచి జాలి చూసి, అది శుభ్రంగా ఉంటే అప్పుడు పంపు మార్చమనండి. ఎలాగూ తెరిచారు కాబట్టి జాలి కూడా కొత్తది వేయించి, ట్యాంకు అడుగున తుప్పుందేమో టార్చి వేసి చూడమనండి. తుప్పు ఉంటే కొత్త పంపుకూ పాత గతే. ఇంకొకటి, ట్యాంకులోని పంపును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. ఎప్పుడూ రిజర్వ్ మీద నడిపే అలవాటు ఉంటే మానుకోండి.

ప్రశ్న: మాది కార్బొరేటర్ ఉన్న పాత వ్యాన్. మీరు చెప్పే గేజ్ దానికీ పనికొస్తుందా?

జవాబు: 7 బార్ దాకా కొలిచే గేజ్ అయితే పనికిరాదు. కార్బొరేటర్‌కు కావాల్సింది 0.2 నుంచి 0.4 బార్ మాత్రమే, ఆ గేజ్‌లో ముల్లు కదిలిందో లేదో కూడా తెలియదు. 1 బార్ దాకా కొలిచేది తీసుకోండి. ఇంజిన్ పక్కన బిగించిన యాంత్రిక పంపులో పొర గట్టిపడటం, చిరగడం మామూలు. చిరిగితే పెట్రోల్ ఇంజిన్ ఆయిల్‌లో కలవొచ్చు, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. పెట్రోల్ వాసన వస్తే ఆయిల్ మార్చేదాకా నడపొద్దు. ట్యాంకు నుంచి పంపు దాకా ఉన్న రబ్బరు పైపులూ చూడండి. చిన్న పగులున్నా అక్కడ పెట్రోల్ కారదు, గాలి లోపలికి లాగుతుంది, కాబట్టి కింద మరక కోసం వెతికితే దొరకదు. ఇథనాల్ కలిపిన పెట్రోల్ పోస్తుంటే, దాన్ని తట్టుకునే రకం పైపులే వేయించండి.

ప్రశ్న: కామన్ రెయిల్ డీజిల్‌కు కూడా ఇలాగే గేజ్ బిగించి చూడొచ్చా?

జవాబు: ఇంజెక్టర్లకు డీజిల్ పంచే రెయిల్ వైపు చేయి పెట్టకండి. అక్కడ ప్రెషర్ వెయ్యి బార్ దాటుతుంది, సూదంత రంధ్రం నుంచి వచ్చే ధార చర్మంలోకి దూసుకుపోతుంది. అదృష్టవశాత్తూ ఈ ఇంజిన్లలో రెయిల్ ప్రెషర్ సెన్సర్ తప్పక ఉంటుంది. మీ యాప్‌కు అందేటట్టయితే, కావాల్సిన ప్రెషర్, ఉన్న ప్రెషర్ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. తొక్కినప్పుడు రెండో అంకె వెనకబడుతుంటే ఫిల్టర్ మార్పించి, మళ్లీ అదే రోడ్డు మీద చూడండి.