పైవాటా అద్దెకివ్వండి, మీరు కిందికి దిగండి

ప్రశ్న: నాకు 75 ఏళ్లు, మా ఆవిడకు 69. రాజమండ్రిలో మేడ ఇల్లు ఉంది. మేం పైన ఉంటూ కిందివాటా 9 వేలకు అద్దెకిచ్చాం. ప్రభుత్వ టీచరుగా రిటైరయ్యాను, పెన్షన్ 42 వేలు. ఎఫ్‌డీల్లో 25 లక్షలు ఉన్నాయి. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో మెట్లెక్కలేకపోతోంది. లిఫ్ట్‌కు 12 లక్షలవుతుందన్నారు. పిల్లలేమో ఇల్లు అమ్మేసి హైదరాబాద్ శివార్లలో సీనియర్ సిటిజన్ల కమ్యూనిటీలో చేరమంటున్నారు. డిపాజిట్ 60 లక్షలు, ఇద్దరికీ భోజనంతో కలిపి నెలకు 38 వేలు. ఏం చేయమంటారు?

జవాబు: మాస్టారూ, లిఫ్ట్ వద్దు. ఇల్లు అమ్మడమూ ఇప్పుడే వద్దు. అద్దెకున్నవాళ్లను పైకి మార్చి మీరు కిందికి దిగండి. మేడ మీది వాటా కాబట్టి అద్దె ఓ వెయ్యి తగ్గొచ్చు. ఏడాదికి 12 వేలు. లిఫ్ట్ పెట్టాక దాని సర్వీసింగ్‌కే అంతకంటే ఎక్కువ పోతుంది.

కిందివాటాలో ముందు చేయించాల్సింది బాత్రూం. మన పాత ఇళ్లలో దాని తలుపు రెండున్నర అడుగులే, పైగా లోపలికి తెరుచుకుంటుంది. లోపల మనిషి పడిపోతే ఆ తలుపు తోయడమే కుదరదు. మూడడుగులకు వెడల్పు చేయించి, బయటికి తెరుచుకునేలా, గడియ బయటినుంచి కూడా తీయగలిగేలా పెట్టించండి. కమోడ్ సీటు నేలనుంచి 18 అంగుళాల ఎత్తులో ఉంటే లేవడానికి మోకాళ్ల మీద భారం తగ్గుతుంది. పక్కన స్టీలు కడ్డీని గోడలోకి దిగేలా బోల్టులతో బిగించాలి. టైల్‌కు అతుక్కునే రబ్బరు రకం వద్దే వద్దు. నున్నటి టైల్స్ తీయించి గరుకువి వేయించండి.

వీధి గడప తీస్తామంటే అమ్మగారు ఒప్పుకోరు, దాన్ని అలాగే ఉంచండి. బాత్రూం గడప మాత్రం తీయించండి. ర్యాంపుకు అడుగు ఎత్తుకు 12 అడుగుల పొడవు కావాలి. అరుగు రెండడుగులుంటే 24 అడుగులు. ముందు చోటు చాలకపోతే పక్కసందులోంచి తిప్పండి. మేస్త్రీ పదడుగుల్లో పోసేస్తానంటే ఒప్పుకోకండి. ఇదంతా మూడు, మూడున్నర లక్షల్లో అయ్యే పని.

ఇక కమ్యూనిటీ సంగతి. నాకు వాటి మీద కోపమేమీ లేదు, మీ లెక్కకే అది సరిపడదు. నెల ఖర్చు ఏటా 7 శాతం పెరిగితే పదేళ్లకు 38 వేలు దాదాపు 75 వేలవుతుంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా ఇంకోటి చెప్పాలి. పూర్తి సర్వీసు ఉంటే పెన్షన్ చివరి జీతంలో సగం, ఫ్యామిలీ పెన్షన్ అదే జీతంలో 30 శాతమే. మీ తర్వాత అమ్మగారికి వచ్చేది 25 వేల చుట్టూ ఉండొచ్చు. అసలు అంకె మీ పీపీఓలో, అంటే పెన్షన్ పేమెంట్ ఆర్డర్‌లో ఉంటుంది, తీసి చూడండి. ఒక్కరే ఉంటే భోజనం ఖర్చు తగ్గుతుంది కానీ మెయింటెనెన్స్ సగం కాదు.

ట్యాక్స్ మెలిక కూడా ఉంది. ఇల్లు అమ్మిన లాభంతో రెండేళ్లలోపు ఇంకో ఇల్లు కొంటే ఆ లాభం మీద పడే క్యాపిటల్ గెయిన్స్ పన్నులో మినహాయింపు వస్తుంది. తిరిగిచ్చే డిపాజిట్ కట్టి ఉండటం ఇల్లు కొన్నట్టు కాదు. ఈ మాట పిల్లలకు కూడా చెప్పండి, వాళ్ల లెక్కలో ఇది ఉండి ఉండదు.

25 లక్షల్లో ఇంటి పనికి పోగా ఓ 8 లక్షలు ఆస్పత్రి అవసరాలకని ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా ఉంచండి. మిగతాది ఎఫ్‌డీల గడువు తీరేకొద్దీ సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో ఇద్దరి పేర జాయింట్‌గా వేయండి. మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది, ఒకరు లేకపోయినా రెండోవారు ఖాతా కొనసాగించవచ్చు. పిల్లలు ఏమైనా చేస్తామంటే పగటిపూట సాయానికి మనిషిని పెట్టి ఆ జీతం ఇమ్మనండి.

రేపు ఎప్పుడైనా కమ్యూనిటీకే వెళ్లాల్సి వస్తే, ముందు ఓ నెల గెస్టులుగా ఉండి చూడండి. మంచాన పడితే అక్కడే చూస్తారా, ఖాళీ చేయమంటారా? డిపాజిట్ ఎన్ని నెలలకు, ఎంత కోత పెట్టి తిరిగిస్తారు? ఈ రెండూ నోటిమాటగా కాదు, అగ్రిమెంటులో ఉండాలి.