లారీ తోలే నాన్నకు గుండె జాగ్రత్త: నా అనుభవం

తమ్ముడూ, పలమనేరు నుంచి కలకత్తాకు టమాటా లోడు తోలే మీ నాన్నకు 52 ఏళ్ళని, బీపీ ఉందని, రెండంతస్తులు ఎక్కితే ఆయాసం వస్తోందని, రోజూ నడిపించడం ఎలా అని అడిగావు. నేనూ చిత్తూరు నుంచి ఇరవై ఏళ్ళుగా లారీ తోలుతున్నాను. నడక సంగతి తర్వాత. ముందు ఈసీజీ, ఎకో (గుండె స్కాన్) తీయించు. ఆ ఆయాసం ఎందుకో తేలేదాకా అలిపిరి మెట్లు ఎక్కించవద్దు.

2017లో నాకు బీపీ 170/110 ఉందన్నారు. మాత్రలు రెండు నెలలు వేసుకొని మానేశాను. వాటిలో ఒకదానికి ఒంటేలు ఎక్కువయ్యేది. మాటిమాటికి బండి ఆపితే మార్కెట్ టైం దాటిపోతుందని భయం. మరుసటి ఏడు తిరుగు ట్రిప్పులో, నెల్లూరు దాటాక ఛాతీ మీద బండ పెట్టినట్టయింది, చెమటలు పట్టాయి. గ్యాస్ అనుకొని సోడా తాగి నాయుడుపేట దాకా తోలాను. అక్కడ ఇక చేతకాలేదు. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రిలో స్టెంట్ (మూసుకుపోయిన గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే చిన్న గొట్టం) వేశారు.

అందుకే మీ నాన్న మాత్రలు ఎప్పుడెప్పుడు మానేస్తున్నారో, ఎందుకో కోప్పడకుండా అడుగు. ఒంటేలు ఇబ్బందయితే డాక్టరు మాత్ర గానీ, వేళ గానీ మారుస్తారు. సొంతంగా మార్చవద్దు. ట్రిప్పుకు లెక్క వేసి పది రోజులవి ఎక్కువ పెట్టు. క్యాబిన్‌లో ఎండ తగిలే చోట ఉంచితే పాడవుతాయి.

డాక్టరు సరే అన్నాక నడక. వారానికి 150 నిమిషాలు చాలు, పదేసి నిమిషాలుగా నడిచినా లెక్కే. అన్‌లోడింగ్ కోసం మండీలో పూటంతా ఆగుతాం కదా, అప్పుడు క్యాబిన్‌లో పడుకొనేవాణ్ణి. ఇప్పుడు టైర్లు చూసుకొని మండీ చుట్టూ నడుస్తాను.

తిండిలో నాకు కష్టమైంది టీ. రోజుకు పది టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర! డాబాలో పప్పు, పుల్కా తిని ఊరగాయ వదిలేయమను. ఉప్పు రోజంతటికీ 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదు. నిద్ర ఆపుకోవడానికి బీడీ కాలుస్తుంటే అది మాన్పించడమే అన్నిటికన్నా ముఖ్యం. కునుకు వస్తే బండి పక్కకు పెట్టి పడుకోవాల్సిందే.

ఛాతీ బరువు, ఎడమ చేయో దవడో లాగడం, ఉన్నట్టుండి చెమటలు పట్టడం, వీటిలో ఏది వచ్చినా బండి ఆపి 108కి ఫోన్ చేయాలి. ఇది క్లీనర్‌కూ చెప్పి పంపండి. ఆ రోజు మా క్లీనర్‌కు తెలిసి ఉంటే నెల్లూరు దగ్గరే నన్ను దింపేసేవాడు.