బండి ఆగినప్పుడు వణుకుతోందంటే

అల్లుడూ,

నీ ఉత్తరం అందింది. వ్యాన్ రోడ్డు మీద బాగానే పోతోంది, ఆగితే మాత్రం స్టీరింగ్ నుంచి వెనక సీటు దాకా వణుకుతోంది, అందుకని ప్లగ్గులు, వాటికి కరెంటు ఇచ్చే కాయిళ్ళు, పెట్రోల్ పంపు అన్నీ ఒకేసారి మార్చేద్దామనుకుంటున్నానని రాశావు. కాస్త ఆగు. ఇప్పుడే ఏమీ కొనకు. ఏది పాడైందో తెలియకుండా అన్నీ మార్చావనుకో, వణుకు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. పోకపోతే డబ్బు పోయి జబ్బు మిగులుతుంది.

ముందు రెండు మూడు రోజులు బండిని గమనించి కాగితం మీద రాసుకో. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు వణుకుతోందా, వేడెక్కాక కూడానా? ఏసీ వేస్తేనేనా? ఆర్‌పీఎమ్ (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) సూది ఎక్కడ ఉంటోంది, నిలకడగా ఉందా, పైకీ కిందకీ ఊగుతోందా? వేడెక్కాక చాలా పెట్రోల్ బండ్లు 700 నుంచి 900 మధ్య తిరుగుతాయి. నీ బండి లెక్క మాన్యువల్‌లో ఉంటుంది, చూసుకో. చల్లగా ఉన్నప్పుడు మాత్రమే వణికి తర్వాత సర్దుకుంటే గాలి లీకు గానీ కూలెంట్ టెంపరేచర్ సెన్సర్ గానీ అయి ఉండొచ్చు. ఏసీ వేయగానే ఆర్‌పీఎమ్ పడిపోతుంటే ముందు ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ బాడీ, బండి ఆగినప్పుడు ఇంజిన్ వేగాన్ని నిలబెట్టే ఐడిల్ కంట్రోల్ వాల్వ్ చూడు. సూది కదలకుండా ఉండి, ఇంజిన్ చప్పుడు కూడా సమంగా ఉండి, క్యాబిన్ ఒక్కటే వణుకుతోందా? అయితే ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే మౌంటింగుల రబ్బరు పోయి ఉంటుంది. మౌంటింగులు పోయిన బండికి ట్యూనింగ్ ఎన్నిసార్లు చేయించినా వణుకు తగ్గదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. రోడ్డు మీద బాగుండి ఆగితే వణికే పాత బండిలో నేను మొట్టమొదట అనుమానించేది గాలి లీకునే. ఎందుకో చెబుతాను. ఐడిలింగ్‌లో, అంటే బండి ఆగి ఇంజిన్ మాత్రం తిరుగుతున్నప్పుడు, గాలి దారిలో ఉండే థ్రాటిల్ రేకు దాదాపు మూసుకుని ఉంటుంది. లోపల సిలిండర్లకి గాలి పంచే మ్యానిఫోల్డ్‌లో వాక్యూమ్ గట్టిగా ఉంటుంది, ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి మాత్రం కొంచెమే. అలాంటప్పుడు ఏ గొట్టానికో సన్నటి పగులు ఉంటే అందులోంచి దొంగగాలి లోపలికి పోతుంది. కొంచెం గాలిలో ఈ కొంచెం కలిస్తే అది పెద్ద వాటా, మిశ్రమంలో పెట్రోల్ పలచబడుతుంది, ఇంజిన్ మిస్ కొడుతుంది, అంటే సిలిండర్‌లో పెట్రోల్ సరిగ్గా అంటుకోదు. ఎక్సలేటర్ తొక్కగానే అసలు దారిలోంచే బోలెడు గాలి వస్తుంది కాబట్టి ఆ పగులు లెక్కలోకి రాదు.

నా పాత వ్యాన్‌కి సరిగ్గా ఇదే వచ్చింది. ఒక షెడ్డులో ప్లగ్గులు మార్చారు, పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లు శుభ్రం చేశారు, ఐడిలింగ్ కాస్త పెంచి పంపించారు. వారం తిరక్కుండా మళ్ళీ అదే వణుకు. చివరికి ఒక సాయంత్రం నేనే బానెట్ ఎత్తి, టార్చి పట్టుకుని ఒక్కో గొట్టాన్నీ తడుముకుంటూ వెళ్ళాను. వాల్వ్ కవర్ మీద ఉండి ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి లాగే పీసీవీ వాల్వ్ నుంచి మ్యానిఫోల్డ్‌కి వెళ్ళే రబ్బరు గొట్టం ఒకటుంటుంది. పైనుంచి చూస్తే నల్లగా, నున్నగా, కొత్తదానిలాగే ఉంది. వంపు దగ్గర కింద వేలు పోనిస్తే జిగటగా నూనె అంటుకుంది. ఇంజిన్ ఆపి ఆ వంపును బొటనవేలితో కొంచెం వెనక్కి వంచితే అడుగున పగులు చేప నోరులా తెరుచుకుంది. మళ్ళీ స్టార్ట్ చేసి దాని మీద వేలు నొక్కి పెట్టగానే ఇంజిన్ స్వరమే మారిపోయింది. జానెడు రబ్బరు ముక్కతో అన్ని నెలల బాధ తీరిపోయింది. అప్పటినుంచి నేను ఏ బండికైనా ముందు గొట్టాలే చూస్తాను, అదీ కింద వైపు, వంపుల దగ్గర, క్లిప్పుల దగ్గర.

నువ్వూ అలాగే చెయ్యి. హ్యాండ్ బ్రేక్ వేసి, చక్రాలకి అడ్డు పెట్టి, ఆరుబయట పని చెయ్యి. మూసిన గదిలో ఇంజిన్ నడపనే వద్దు, పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. ఫ్యానుకీ బెల్టుకీ చేతులు, చొక్కా అంచులు దూరంగా ఉంచు. ఒక మీటరు సన్నటి రబ్బరు ట్యూబు తీసుకుని ఒక కొస చెవి దగ్గర పెట్టుకో, రెండో కొసను గొట్టాల వెంట, మ్యానిఫోల్డ్ అతుకుల వెంట మెల్లగా తిప్పు. లీకు ఉన్నచోట ‘సుయ్’మని సన్నగా వినిపిస్తుంది. బ్రేక్ నొక్కడాన్ని తేలిక చేసే బ్రేక్ బూస్టర్‌కి వెళ్ళే లావుపాటి గొట్టాన్ని వదిలెయ్యకు. ఇంజిన్ తిరుగుతుండగా గుడ్డ చుట్టిన పట్టకారుతో ఒక్కో చిన్న గొట్టాన్నీ నొక్కి చూడొచ్చు. నొక్కగానే ఐడిలింగ్ సర్దుకుంటే లీకు ఆ దారిలోనే ఉంది. నొక్కితే పటపటమని విరిగిపోయేంత గట్టిపడిన గొట్టం ఎలాగూ మార్చాల్సిందే. కొందరు వేడి ఇంజిన్ మీద కార్బురేటర్ క్లీనర్ కొట్టి లీకు పట్టుకుంటారు. నువ్వు ఆ పని చెయ్యకు, అది భగ్గుమని అంటుకుంటుంది. చెవికి దొరక్కపోతే గొట్టాల్లోకి పొగ పంపి లీకు పట్టే స్మోక్ టెస్ట్ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళు.

బండికి ఓబీడీ పోర్టు (బండి కంప్యూటర్ రాసుకున్న లోపాల కోడ్‌లు చదివే సాకెట్) ఉంటే చిన్న స్కానర్ ఒకటి సంపాదించు. పీ0300 అంటే మిస్ ఒక సిలిండర్‌కే పరిమితం కాలేదని. పీ0301, పీ0302 లాంటివి వస్తే చివరి అంకె సిలిండర్ నంబరు. పీ0171 వస్తే మిశ్రమం పలచగా ఉందని అర్థం, ఆక్సిజన్ సెన్సర్ పోయిందని కాదు. చాలామంది అక్కడే పొరపాటు పడి మంచి సెన్సర్‌ను తీసి పారేస్తారు. స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చూడు. ఐడిలింగ్‌లో ప్లస్ 20 శాతం దాకా ఉండి, 2500 ఆర్‌పీఎమ్ దగ్గర సున్నా వైపు దిగితే గాలి లీకే. అదే వేగం, లోడు పెరిగేకొద్దీ ఇంకా ఎక్కితే అప్పుడు నీ పెట్రోల్ పంపునో ఫిల్టర్‌నో అనుమానించు. చెక్ ఇంజిన్ లైటు మిణుకుమిణుకుమంటుంటే మాత్రం బండి నడపకు. కాలని పెట్రోల్ పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని మాడ్చేస్తుంది.

మిస్ ఒక్క సిలిండర్‌లోనే ఉందని తేలి, ప్రతి ప్లగ్గుకీ విడి కాయిల్ ఉంటే, పని తేలిక. పీ0303 వచ్చిందనుకో, ఇంజిన్ ఆపి మూడో కాయిల్ తీసి ఒకటో దానికి, ఒకటోది మూడో దానికి పెట్టు. పీ0303 కాస్తా పీ0301 అయితే పోయింది కాయిలే. మారకపోతే ప్లగ్గు చూడు. ఇంజిన్ పూర్తిగా చల్లారాకే విప్పు, ఏది ఎక్కడిదో కలిసిపోకుండా వరుసగా పెట్టు. కొస లేత గోధుమ రంగులోనో బూడిద రంగులోనో ఉంటే మంచిది. పొడిమసి పట్టి ఉంటే పెట్రోల్ ఎక్కువవుతోంది, నూనెతో తడిసి ఉంటే లోపల ఇంజిన్ ఆయిల్ కాలుతోంది. తెల్లటి పింగాణీ మీద పైనుంచి కిందకి వెంట్రుకంత నల్లగీత కనిపిస్తే నిప్పురవ్వ కొస దాకా పోకుండా దారిలోనే పారిపోతోందన్నమాట. బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పు. అల్యూమినియం హెడ్‌లో మర పాడైతే ఇంత చిన్న పని పెద్ద పనవుతుంది.

థ్రాటిల్ బాడీలో మసి పేరుకుంటే దానికోసం అమ్మే క్లీనర్‌తో గుడ్డ తడిపి తుడువు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ అయితే రేకును వేలితో తొయ్యకు. తుడిచాక కొన్ని బండ్లకి ఐడిల్ రీలెర్న్ (కంప్యూటర్‌కి ఐడిలింగ్ లెక్క మళ్ళీ నేర్పడం) చెయ్యాలి, ఆ పద్ధతి మాన్యువల్‌లో చూడు. ఎవరైనా స్క్రూ తిప్పి ఐడిలింగ్ పెంచేస్తే సరిపోతుందంటే ఒప్పుకోకు. నాకు జరిగింది అదే. జ్వరం తగ్గకుండా థర్మామీటర్ దాచేసినట్టు అది.

ఇవన్నీ బాగుండి ఒక సిలిండర్ ఇంకా మిస్ కొడుతుంటే ఇంజెక్టర్, తర్వాత కంప్రెషన్ (సిలిండర్‌లో పుట్టే ఒత్తిడి) చూపించాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజిన్ ఆయిల్ పోసి మళ్ళీ కొలవమను. రీడింగ్ పెరిగితే పిస్టన్ రింగులు పోయినట్టు, పెరగకపోతే వాల్వులో హెడ్ గ్యాస్కెటో పోయినట్టు. అంతదాకా వస్తే ఒంటరిగా విప్పకు, నాకు కబురు చెయ్యి, వస్తాను.

ఈ ఆదివారం గొట్టాలతోనే మొదలుపెట్టు. ప్లగ్గులు తీస్తే నాలుగూ వరుసగా పెట్టి ఫొటో పంపు. వెలుతురులో, పింగాణీ స్పష్టంగా కనిపించేలా దగ్గర నుంచి తియ్యి.

ఆశీస్సులతో,
నీ మావయ్య