మోర్టిమర్ల మోర్తెమేర్ ఆ మఠం కాదు

మోర్తెమేర్ పత్రాల్లో మోర్టిమర్ వంశీయులు (నార్మండీ నుంచి ఇంగ్లండ్‌కు వెళ్లిన ప్రభువంశం) ఎందుకు కనిపించడం లేదని అడిగారు. మీరు చూస్తున్నవి ఫ్రాన్స్‌లోని యూర్ ప్రాంతంలో 1134లో వెలసిన సిస్టర్షియన్ (ఒక క్రైస్తవ సన్యాసి సంఘం) మఠపు పత్రాలు కావడమే కారణం కావచ్చు.

1. వంశానికి పేరిచ్చిన మోర్తెమేర్ గ్రామం వేరు; అది ఫ్రాన్స్‌లోనే సేన్-మారితీమ్ ప్రాంతంలో, ఓల్న్ నది ఒడ్డున ఉంది.

2. చాలామంది గమనించనిది ఇది: 1054 నాటి మోర్తెమేర్ యుద్ధంలో ఓడిన ఫ్రెంచి పక్షపు రావుల్ ప్రభువుకు తన కోటలో మూడు రోజులు ఆశ్రయమిచ్చి, సురక్షితంగా సాగనంపినందుకు మోర్టిమర్ వంశపు రోజర్ నార్మండీ పాలకుడు డ్యూక్ విలియం ఆగ్రహానికి గురయ్యాడు, తక్కిన భూములు తిరిగి దక్కినా ఆ కోట మాత్రం విలియం ద వారెన్ అనే మరో నార్మన్ ప్రభువు పరమైంది. ఊరు చేజారినా పేరు వంశంతోనే నిలిచింది. కాబట్టి ఆ తరువాతి కాలానికి మోర్తెమేర్‌లో వారెన్లనే వెతకాలి.

3. మోర్టిమర్ల కోసం నార్మండీలో సాన్-విక్తోర్‌ను, ఇంగ్లండ్‌లో విగ్‌మోర్‌ను చూడండి. 1086 నాటి డూమ్స్‌డే గ్రంథంలో (ఇంగ్లండ్ భూముల సర్వే) విగ్‌మోర్ కోట రాల్ఫ్ ద మోర్టిమర్ పేరిట ఉంది.