అడగండి, కానీ ఆ మెసేజ్ మాత్రం పెట్టకండి

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ జిల్లా, ఆంధ్రా సరిహద్దు పక్క ఊరు. మా వీధి కాలువ పని సగంలో ఆగింది, బిల్లు మాత్రం పూర్తిగా తీసుకున్నారని అంటున్నారు. సర్పంచ్ పేరు పెట్టి వాయిస్ మెసేజ్ రికార్డు చేశాను, ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టబోతుంటే మా ఆవిడ ఆపింది. పల్లి సభలో (ఇక్కడ ఊరి స్థాయి గ్రామసభను అలాగే అంటారు) అంతా ఒడియాలోనే మాట్లాడతారు, మేం తెలుగువాళ్లం వెనక కూర్చుని వచ్చేస్తాం. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు

జవాబు: మీ ఆవిడ మంచిపని చేశారు. మీరు "అంటున్నారు" అన్నది నాలుగు గ్రూపులు దాటేసరికి రుజువైన నేరం అయిపోతుంది, అదీ మీ గొంతుతోనే. రేపు పరువు నష్టం కేసు వేస్తే చూపించడానికి మీ చేతిలో కాగితం లేదు. ఇంకా ఘోరం కూడా జరగొచ్చు. 2018 జూలై 1న మహారాష్ట్ర ధులే జిల్లా రైన్‌పాడాలో, పిల్లల్ని ఎత్తుకుపోయేవాళ్లని వాట్సాప్‌లో తిరిగిన పుకారు నమ్మి జనం ఐదుగురు సంచార జాతివాళ్లను కొట్టి చంపేశారు.

అలాగని నోరు మూసుకోవద్దు. మీ జిల్లాలోనే నియమగిరి కొండలు ఉన్నాయి కదా! అక్కడ బాక్సైట్ తవ్వకం సంగతి గ్రామసభలే తేల్చాలని 2013లో సుప్రీంకోర్టు చెబితే, రాయగడ, కలహండి జిల్లాల్లో 12 పల్లి సభలు పెట్టారు, పన్నెండూ వద్దన్నాయి, 2014 జనవరిలో కేంద్రం అనుమతి నిరాకరించింది. ఆ కొండల్లో ఉండే డోంగ్రియా కొంధు గిరిజనుల ఇంటి భాష కూడా ఒడియా కాదు. అయినా వాళ్ల మాట తీర్మానంగా రాతలోకి ఎక్కింది కాబట్టే దాన్ని ఎవరూ తోసెయ్యలేకపోయారు.

మీరూ ముందు సమాచార హక్కు కింద ఆ పని అంచనా, కొలతల పుస్తకం, బిల్లుల నకళ్లు అడగండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. అవి పట్టుకుని సభలో "ఎన్ని మీటర్లు కొలిచారు, ఎంత చెల్లించారు" అని పని గురించే అడగండి, మనిషి జోలికి పోవద్దు. బడిలో ఒడియా చదువుకున్న పిల్లలు మీ వీధిలో ఉండే ఉంటారు, వాళ్లచేత ప్రశ్న రాయించి ఇచ్చి, సభ రిజిస్టర్‌లో ఎక్కించమని పట్టుబట్టండి, నకలు మీద సంతకం తీసుకోండి.

కాంట్రాక్టరు మనుషులు బెదిరించొచ్చు, అది లేదని నేను చెప్పను. అందుకే ఒంటరిగా వెళ్లకండి. ముఖ్యంగా పక్కింటి ఒడియా వాళ్ల సంతకాలు తీసుకోండి, కాలువ కంపు వాళ్లకూ వస్తోంది. ఇది తెలుగువాళ్ల గొడవ అని ముద్ర పడిందా, ఇక కాలువ సంగతి ఎవరూ పట్టించుకోరు.