‘తీయలేదు’ అనకపోతే తీసినట్టేనా?

ప్రశ్న: మాది నెల్లూరు. నా పెళ్లికి అమ్మ పెట్టిన నాలుగు కాసుల గొలుసు బీరువాలో కనిపించడం లేదు. ఇంట్లో నేను, మావారు, అత్తగారు, ఇద్దరు పిల్లలు ఉంటాం. పోటీ పరీక్షల కోచింగ్ కోసం వచ్చిన మరిది కూడా మాతోనే ఉంటున్నాడు. పనిమనిషి రోజూ వచ్చి వెళుతుంది. మరిదిని ‘నువ్వు కాకపోతే ఇంకెవరు తీస్తారు?’ అని అడిగాను. ‘నేను అలాంటివాణ్ణా వదినా? అన్నయ్య డబ్బుతో చదువుకుంటూ ఈ ఇంట్లోనే చేయి పెడతానా? కావాలంటే నా గది వెతుక్కోండి’ అన్నాడు. ‘నేను తీయలేదు’ అని మాత్రం అనలేదు. తప్పు చేసినవాళ్లే ఇలా చుట్టూ తిప్పి మాట్లాడతారని కొన్ని వీడియోల్లో చూశాను. ఆ రోజు ఫోనులో రికార్డు చేసిన అతని మాటలు పదే పదే వింటున్నాను. అత్తగారి అనుమానం పనిమనిషి మీద. అడగగానే తడబడి ఏడ్చింది కాబట్టి ఆమే తీసి ఉంటుందంటున్నారు. ఇద్దరినీ కాణిపాకం తీసుకెళ్లి ప్రమాణం చేయిద్దామని పట్టుబడుతున్నారు. మావారేమో ‘పోనీలే, వదిలేయ్’ అంటున్నారు. లై డిటెక్టర్ పరీక్ష చేయించే వీలుందా? నేనేం చేయాలి?

జవాబు: అమ్మ పెట్టిన గొలుసు పోతే మనసు ఎంత విలవిలలాడుతుందో ఊహించగలను. అయినా ముందుగా ఒక పని చేయండి. ఆ రికార్డింగు వినడం ఈ రోజుతో ఆపేయండి. ఆపే ముందు, కావాలంటే చివరిసారిగా అందులోని మీ గొంతు వినండి. మీరు గొలుసు గురించి అడగలేదు. ‘నువ్వు కాకపోతే ఇంకెవరు’ అన్నారు. అంటే నువ్వు దొంగవి అని ముందే తేల్చి, ఒప్పుకోమన్నారు. దానికి అతను తాను ఎలాంటివాడో చెప్పుకున్నాడు. అడిగిన తీరును బట్టే జవాబు వచ్చింది. ‘బీరువా ఎప్పుడైనా తెరిచావా?’ అని మీరు అడిగి, దానికి కూడా ‘నేను అలాంటివాణ్ణా’ అని ఉంటే, అప్పుడు మళ్లీ అడగాల్సిన అవసరం ఉండేది. ఇప్పుడు ఆ అవసరం కూడా లేదు, ఎందుకంటే అసలు ప్రశ్న ఇంకా అతన్ని ఎవరూ అడగలేదు.

మీరు చూసిన వీడియోల్లోని సూత్రం కొత్తదేమీ కాదు. ఇజ్రాయెల్ పోలీసు శాఖలో పాలీగ్రాఫ్ (లై డిటెక్టర్) పరీక్షలు చేసిన అవినోవమ్ సాపిర్ వంటివారు ప్రచారంలోకి తెచ్చిన పద్ధతి ఇది. నిజం చెప్పేవాడు ‘నేను’ అని మొదలుపెట్టి, జరిగిపోయిన కాలంలో, ఏ పని చేయలేదో పేరుపెట్టి మరీ కాదంటాడని, ఆ మూడింటిలో ఏది తగ్గినా అనుమానించాలని అంటారు. ఈ పద్ధతికి స్వతంత్ర పరిశోధనల్లో గట్టి బలం దొరకలేదు. పైగా అది ఇంగ్లిష్ మాటల మీద కట్టుకున్నది. మన భాషలో ‘తీయలేదు’ అంటే చాలు, ‘నేను’ అక్కర్లేదు. ‘నేను తీస్తానా వదినా!’ అన్నా మన ఇళ్లలో అది పూర్తిగా కాదనడమే. ఇంగ్లిష్ కొలతతో నెల్లూరు కుర్రాడి నిజాయతీని కొలవడం అన్యాయం.

ఆ కొలత ఇంగ్లిష్‌లోనైనా నిలుస్తుందా? 1998 జనవరి 26న అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ టీవీ కెమెరాల ముందు, ‘ఆ మహిళతో నేను లైంగిక సంబంధం పెట్టుకోలేదు’ అన్నారు. ‘నేను’ ఉంది, జరిగిపోయిన కాలం ఉంది, ఏ పని కాదంటున్నారో కూడా ఉంది. సూత్రం ప్రకారం అది నిఖార్సయిన నిజం కావాలి. అదే ఏడాది ఆగస్టు 17న, ఆమెతో తగని సంబంధం ఉన్నమాట నిజమేనని ఆయనే ఒప్పుకోవలసి వచ్చింది. తడుముకోకుండా సూటిగా చెప్పడం అబద్ధం అలవాటైనవారికే బాగా వస్తుంది. ఈ సూత్రం తెలిసిన దొంగ ‘నేను మీ గొలుసు తీయలేదు’ అని చక్కగా అప్పజెప్పి తప్పించుకుంటాడు. ఏమీ తెలియని మంచివాడు ఉడుక్కుని దొరికిపోతాడు.

ఎదుటివారి మాట విని అబద్ధం పట్టగలమనే నమ్మకం మనందరికీ ఉంటుంది. చార్లెస్ బాండ్, బెల్లా డిపాలో అనే పరిశోధకులు 206 పత్రాలను, 24,483 మంది ఇచ్చిన తీర్పులను కలిపి పరిశీలించి 2006లో ఫలితం ప్రకటించారు. జనం సరిగ్గా పోల్చుకోగలిగింది సగటున 54 శాతమే. కళ్లు మూసుకుని బొమ్మో బొరుసో చెప్పినా 50 శాతం వస్తుంది. ఇలాంటివి పసిగట్టడమే వృత్తిగా ఉన్నవారు కూడా మామూలువారిని మించలేదు.

ఇక ఆ పనిమనిషి సంగతి. మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఈ విషయమే. తనను నమ్మరేమోనన్న భయం, దొరికిపోతానేమోనన్న భయం పైకి ఒక్కలాగే కనిపిస్తాయి. మనస్తత్వవేత్త పాల్ ఎక్మన్ దీని గురించే గట్టిగా హెచ్చరించారు. ఆమెకు మీ ఇంట్లో పని పోవడమే కాదు, వీధిలో మరో నాలుగిళ్లలో కూడా పోతుంది. పోలీసులు వస్తే తనకు అండగా ఎవరూ రారని ఆమెకు తెలుసు. అలాంటి మనిషి తడబడకుండా ఎలా ఉంటుంది? ఏడవకుండా ఎలా ఉంటుంది? ఒకరు ఏడ్చారని, ఒకరు ఏడవకుండా ఎదురు ప్రశ్న వేశారని ఇద్దరినీ దోషులను చేశారు. మరి ఎలా మాట్లాడితే మీ ఇంట్లో నిర్దోషి అనిపించుకోగలరో చెప్పండి.

కాణిపాకం వినాయకుడి ముందు అబద్ధపు ప్రమాణం చేయడానికి జంకేవారు ఉన్నారు, ఆ నమ్మకాన్ని నేను కాదనను. కానీ ఆ ప్రయాణం మొదలైన రోజే చుట్టాలందరికీ విషయం తెలిసిపోతుంది. రేపు గొలుసు పుట్టింటి పెట్టెలో దొరికినా ఆ మచ్చ పోదు. అత్తగారికి ఈ మాట మెల్లగా మీరే చెప్పండి. లై డిటెక్టర్ ఆలోచన కూడా మానుకోండి. ఇష్టం లేనివారికి ఆ పరీక్ష చేయకూడదని సుప్రీంకోర్టు 2010 మే 5న సెల్వి కేసులో తీర్పు చెప్పింది. ఒప్పుకుని చేయించుకున్నా, ఆ ఫలితం దానంతట అదే సాక్ష్యంగా చెల్లదు.

గొలుసును చివరిసారి ఎప్పుడు, ఏ సందర్భంలో చూశారో ముందు మీరు కాగితం మీద రాసుకోండి. పెళ్లిళ్ల ఫొటోలు చూస్తే తేదీ దొరుకుతుంది. బ్యాంకు లాకరు, పుట్టిల్లు, మెరుగు పెట్టడానికి ఇచ్చిన దుకాణం, అన్నీ వెతకండి. మీవారిని ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. అవసరానికి తాకట్టు పెట్టి చెప్పలేకపోయిన భర్తలు ఉంటారు. ‘వదిలేయ్’ అన్నారు కాబట్టి ఆయనే అని నేను అనడం లేదు, అలా అంటే మీరు చేసిన పొరపాటే నేనూ చేసినట్టు. తమ్ముడి పరువు కోసం కూడా ఆ మాట అని ఉండవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు, ‘ఎక్కడైనా పెట్టారా? పెట్టి ఉంటే విడిపించుకుందాం’ అని అడగండి.

ఆ తర్వాత అత్తగారితో సహా అందరినీ ఒకే విధంగా అడగండి. ‘ఫలానా పెళ్లి నుంచి వచ్చాక బీరువా ఎవరెవరు తెరిచారు, తాళాలు ఎక్కడ ఉండేవి, ఇంటికి ఎవరు వచ్చారు, గుర్తున్నదంతా చెప్పండి’ అనండి. మధ్యలో అడ్డుపడకండి. పోర్ట్స్‌మౌత్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆల్డర్ట్ వ్రై వంటి పరిశోధకులు గొంతు, చూపుల కన్నా ఇలాంటి వివరాల మీదే దృష్టి పెట్టమంటారు. నిజం చెప్పేవారు మనం సరిచూసుకోగల సంగతులు ఎక్కువ చెబుతారు, దాచేవారు అలాంటివి తగ్గిస్తారు. ఇది కూడా తీర్పు ఇవ్వడానికి చాలదు. చెప్పినవాటిలో సరిచూడగలిగినవి సరిచూడండి, అంతే.

దొంగతనమేనని తేలితే పోలీసులకు ఫిర్యాదు ఇవ్వండి. అందులో బీరువా దగ్గరికి వెళ్లగలిగిన అందరి పేర్లూ రాయండి, మీ భర్త పేరుతో సహా. ‘ఫలానా ఆమె మీద అనుమానం’ అని మాత్రం రాయకండి. చేతిలో ఆధారం లేకుండా ఆ ఒక్క వాక్యం రాస్తే ఆమెకు ఏమవుతుందో మీకు తెలుసు.

మరిదితో ఈ వారమే మాట్లాడండి. ‘ఆ రోజు నేను అడిగిన పద్ధతి తప్పు. నీ మాటలు రికార్డు కూడా చేశాను, తీసేశాను’ అని చెప్పండి. నిజంగా తీసేశాకే చెప్పండి. పనిమనిషిని కూడా కూర్చోబెట్టి, పని పోదని అత్తగారి ఎదుటే చెప్పండి.