కొత్త మోడల్ కోసం ఆగాలా, ఇప్పుడే కొనాలా?

ప్రశ్న: నా స్మార్ట్‌ఫోన్ కొని నాలుగేళ్లు దాటింది. నా పనంతా దాని మీదే నడుస్తుంది. మధ్యాహ్నం రెండింటికల్లా ఛార్జింగ్ అయిపోతుండడంతో ఛార్జర్ తీగ అందినంత దూరంలోనే కూర్చుని ఫోన్లు మాట్లాడుతున్నాను. బ్యాటరీ సామర్థ్యం 76 శాతమని సెట్టింగ్స్‌లో కనిపిస్తోంది. భద్రతా అప్‌డేట్లు ఇంకో పది నెలలు వస్తాయి. కొనాలనుకున్న ఫోన్ ధరలో మూడింట రెండు వంతులు కూడబెట్టాను. మిగతాది ఏడాది వాయిదాల్లో కట్టి ఇప్పుడే కొనాలా, అత్యవసర నిధిలోంచి తీయాలా, లేక మూడు నెలల్లో రానున్న కొత్త మోడల్ కోసం ఆగాలా?

జవాబు: మీరు మూడు దారులు చెప్పారు. నేను నాలుగోది సూచిస్తాను. ముందు బ్యాటరీ మార్పించండి. కొత్త మోడల్ వచ్చాక, దాన్ని కాకుండా, ఇప్పుడు మీరు కొనాలనుకుంటున్న ఫోన్‌నే తగ్గిన ధరకు, వాయిదాలు లేకుండా కొనండి. ఈ సలహా వెనుక ఉన్న లెక్కను మీరు స్వయంగా సరిచూసుకోగలిగేలా వివరిస్తాను.

మీరు చెప్పిన వివరాల్లో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ 76 శాతం. మీరు ఫోన్ పాతబడిందని అనుకుంటున్నారు గానీ, లక్షణాలను బట్టి చూస్తే పాతబడింది బ్యాటరీ మాత్రమే. లిథియం అయాన్ బ్యాటరీ వాడేకొద్దీ అరుగుతుంది. ఉదాహరణకు ఐఫోన్ 14, అంతకు ముందరి మోడళ్ల బ్యాటరీలు 500 పూర్తి ఛార్జింగ్‌ల తర్వాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా, ఐఫోన్ 15 శ్రేణివి 1,000 ఛార్జింగ్‌ల తర్వాత అంతే నిలుపుకునేలా రూపొందించామని ఆపిల్ చెబుతోంది. నాలుగేళ్లు రోజూ వాడిన ఫోన్ ఈ గీత దాటి కిందికి దిగడం మామూలే, దాన్ని ఫోన్ లోపంగా భావించనక్కరలేదు.

ఇక లెక్కకు వద్దాం. కొత్త ఫోన్ ధరను 100 అనుకుందాం. మీరు ఒక ఫోన్‌ను నాలుగేళ్లు, అంటే 48 నెలలు వాడే మనిషి కాబట్టి కొత్త ఫోన్ మీకు నెలకు 2 కంటే కాస్త ఎక్కువ పడుతుంది. బ్యాటరీ మార్చడానికి 8 అవుతుందనుకుంటే, దాని వల్ల పాత ఫోన్ మరో పది నెలలు పనిచేస్తే నెలకు 0.8 పడుతుంది. మీ దగ్గర అసలు ఖర్చు ఎంత చెబుతారో కనుక్కుని ఈ 8 స్థానంలో వేసి చూడండి. ఆ మొత్తం కొత్త ఫోన్ ధరలో ఐదో వంతుకు చేరనంత వరకు బ్యాటరీ మార్చుకోవడమే మీకు లాభం.

రెండోది ఆగడం గురించి. ఆగితే ధర తగ్గుతుందన్న మాటలో నిజం ఉంది. 2007 జూన్ చివర్లో తొలి ఐఫోన్ అమ్మకానికి వచ్చింది. రెండు నెలలు దాటీ దాటకముందే, సెప్టెంబరులో, 8 గిగాబైట్ల మోడల్ ధరను ఆపిల్ 599 డాలర్ల నుంచి 399కి తగ్గించింది. ముందే కొన్నవారు తీవ్రంగా నొచ్చుకోవడంతో వారికి 100 డాలర్ల విలువైన స్టోర్ క్రెడిట్ (ఆపిల్ దుకాణంలోనే ఖర్చు పెట్టుకోగల మొత్తం) ఇవ్వాల్సి వచ్చింది. అంత తొందరగా, అంత భారీగా తగ్గడం అరుదు. సాధారణంగా ధర దిగేది తర్వాతి మోడల్ వచ్చినప్పుడే. మీ విషయంలో ఆ సమయం మూడు నెలల దూరంలోనే ఉంది గనుక ఇప్పుడు పూర్తి ధర పెట్టి కొనడం నాకు సమ్మతం కాదు.

అయితే తగ్గింపు చూసి కొనేవారు తరచుగా మరచిపోయే విషయం ఒకటుంది, దీని మీద కాస్త ఎక్కువ సమయం వెచ్చించమని కోరుతున్నాను. అప్‌డేట్ల గడువును సాధారణంగా మీరు కొన్న రోజు నుంచి కాక, ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చిన నాటి నుంచి లెక్కిస్తారు. 2023 అక్టోబరులో వచ్చిన పిక్సెల్ 8కు గూగుల్, 2024 జనవరిలో ప్రకటించిన గెలాక్సీ ఎస్24కు శాంసంగ్ ఏడేళ్ల అప్‌డేట్లు ఇస్తామని చెప్పాయి. అలాంటి ఫోన్‌ను ఏడాది ఆలస్యంగా కొంటే మీకు మిగిలేది ఆరేళ్లు, అంటే పోయింది ఏడో వంతు. మీరు నాలుగేళ్లే వాడతారు గనుక ఆ నష్టం మిమ్మల్ని పెద్దగా తాకదు. 100 ధర ఉన్న ఫోన్ తగ్గింపుతో 80కి వస్తుందనుకుంటే, 48 నెలలకు పంచితే నెలకు 1.67 మాత్రమే పడుతుంది. పాత ఫోన్‌గా అమ్మేటప్పుడు విలువ కొంత తక్కువ పలుకుతుందన్నది మాత్రం గుర్తుంచుకోవాలి. అదే మూడేళ్ల అప్‌డేట్లు మాత్రమే ఉన్న ఫోన్ అయితే, ఏడాది తర్వాత కొన్నవారికి రెండేళ్లే మిగులుతాయి. అలాంటి ఫోన్ సగం ధరకు వచ్చినా, నాలుగేళ్లు వాడదలచిన మీకు నేను సిఫారసు చేయను. మీరు కొనదలచిన మోడల్ పేరు రాయలేదు గనుక, దాని అప్‌డేట్ల చివరి తేదీని కంపెనీ వెబ్‌సైట్‌లో ముందుగా చూసుకోండి.

ఆగడానికి హద్దు కూడా ఉండాలి. ఆపిల్ సాధారణంగా సెప్టెంబరులో, శాంసంగ్ తన ఎస్ శ్రేణిని ఏడాది మొదట్లో ప్రకటిస్తుంటాయి. గూగుల్ అక్టోబరు అలవాటును మార్చి పిక్సెల్ 9ను 2024 ఆగస్టులో తెచ్చింది. ఏ నెలలో నిలబడి చూసినా ముందు మరో మోడల్ కనిపిస్తూనే ఉంటుంది. అందుకే మీరు కొనే గడువును ఇప్పుడే రాసి పెట్టుకోండి: నేటి నుంచి తొమ్మిదో నెల చివర. అప్‌డేట్లు ఆగిపోయిన ఫోన్‌లో బ్యాంకు యాప్ పెట్టుకుని తిరగడం నేను ఎవరికీ చెప్పలేను, కనుక ఆ గడువు దాటకండి. అంతకు ముందే మంచి ధర దొరికితే కొనేయండి, ఎందుకంటే పాత మోడళ్ల నిల్వలు, ముఖ్యంగా మీకు కావలసిన స్టోరేజీ ఉన్నవి, ఎప్పుడైనా అయిపోవచ్చు.

డబ్బు విషయం చూద్దాం. మీ దగ్గర సుమారు 66 ఉంది. బ్యాటరీకి 8 పోగా 58 మిగులుతుంది. ఫోన్ 80కి దొరికితే ఇంకా కావలసింది 22, అంటే తొమ్మిది నెలల పాటు నెలకు సుమారు 2.4. మీరు తలపెట్టిన వాయిదా వడ్డీ లేకుండానే నెలకు సుమారు 2.8 అవుతుంది కాబట్టి ఈ పొదుపు మీ శక్తికి మించినది కాదు. వడ్డీ లేని వాయిదాలని ప్రకటించే చోట, మొత్తం ఒకేసారి కడితే ఎంత తగ్గిస్తారని అడిగి చూడండి. ఆ తగ్గింపు, దానికి తోడు ప్రాసెసింగ్ రుసుము, ఈ రెండూ కలిపితే మీరు నిజంగా కట్టే వడ్డీ ఎంతో తెలుస్తుంది. అత్యవసర నిధిని ఫోన్ మోడల్ కోసం ముట్టుకోవద్దు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. మీ ఆదాయం ఫోన్ మీద ఆధారపడింది కాబట్టి, బ్యాటరీ మార్చాక కూడా ఫోన్ తరచూ ఆగిపోతున్నా, మాట అవతలివారికి వినపడకపోయినా, మూడు నెలలు కూడా ఆగవద్దు. అప్పుడు మీ చేతిలో ఉన్న 58లోనే వచ్చే, కనీసం నాలుగేళ్ల అప్‌డేట్లు మిగిలి ఉన్న ఫోన్‌ను ఆ వారమే తీసుకోండి.